ఫైలు సత్యవేణి గారి దగ్గరుంది

గురువారం నేను వెలగబెట్టిన ఘనకార్యం చెప్తాను, ముందు టీలు చెప్పండి. నవ్వొద్దని అనను. నవ్వుకోండి. మధ్యలో మాత్రం "అప్పుడు నువ్వేమన్నావురా?" అని అడక్కండి. నేనేమన్నానో నేనే చెప్తాను, అసలు దరిద్రమంతా అక్కడే ఉంది. ఇవాళ సోమవారమా? గురువారం నుంచి నేను కాకినాడకి ఫోన్ చెయ్యలేదు. చెయ్యడానికి కారణం లేదు. ఉన్న ఒక్క కారణాన్నీ నా చేత్తో నేనే, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కొట్టి మరీ తీసేశాను.

నా సంగతి మీకు తెలుసు. ఇదే మద్దిలపాలెంలో మేడమీద ఏసీ గదిలో మూడు నెలలు నెట్‌వర్కింగ్ నేర్చుకున్నాను. సర్టిఫికెట్టుకి లామినేషన్ కూడా చేయించాను. అప్పట్నించి మా ఆఫీసులో వైరున్న ప్రతి వస్తువూ నా నెత్తినే. ట్యూబులైటు మిణుకుమన్నా "రమణా, ఓసారి చూడు" అంటారు. సర్వరూ నాదే. ఎవరు ఏ ఫోల్డర్ తెరవొచ్చు, ఎవరు తెరవకూడదు, ఆ తాళంచెవులన్నీ నా దగ్గరే ఉంటాయి.

మాది ఓడల ఏజెన్సీ. పోర్టుకి ఓడొస్తే దాని పనులన్నీ చూసిపెట్టే ఆఫీసన్నమాట. ఏ ఓడ ఎక్కడుంది, ఎంత బొగ్గు దిగింది, ఎప్పుడు బయల్దేరుతుంది అని రోజూ పదకొండు లోపల బొంబాయి హెడ్డాఫీసుకి ఒక కాగితం వెళ్ళాలి. ఆ లెక్కంతా ఒకే ఒక్క ఎక్సెల్ ఫైల్లో ఉంటుంది. పైన విశాఖ ఓడలు, కింద కాకినాడ ఓడలు. పైది నేను రాస్తాను. కిందది సత్యవేణి గారు రాస్తారు.

సత్యవేణి గారు రెండేళ్ళు నా ఎదురు బల్ల. వాళ్ళది సామర్లకోట. కాకినాడలో బ్రాంచి పెట్టినప్పుడు, పని తెలిసిన మనిషి, సొంతూరికి దగ్గర కూడాను అని మా మేనేజర్ మూర్తి గారు ఆవిణ్ణి అక్కడికి వేశారు. వెళ్ళే రోజు అందరూ తలా ఒక మాట చెప్పారు. జాగ్రత్తమ్మా అన్నారు, అప్పుడప్పుడూ వస్తూండమన్నారు. నా వంతు వచ్చేసరికి, "ఆ పెద్ద స్టేప్లర్ కూడా పట్టుకెళ్ళండి, అక్కడుంటుందో ఉండదో" అన్నాను. రెండేళ్ళు ఎదురుగా కూర్చున్న మనిషికి నేనిచ్చిన వీడ్కోలు అదీ. ఆవిడ దాన్ని బ్యాగులో పెట్టుకున్నారు.

ఆ ఫైలూ, అదున్న ఫోల్డరూ ఆవిడే తయారుచేసి వెళ్ళారు. ఇక్కడి సర్వర్లోనే ఉంటుంది, కాకినాడ వాళ్ళు లైను మీద తెరుస్తారు. చిక్కల్లా ఏంటంటే, ఒకసారి ఒక్కళ్ళే రాయగలరు. ముందెవరు తెరిస్తే ఫైలు వాళ్ళది. రెండోవాడు తెరిస్తే తెర మీద ఒక డబ్బా వస్తుంది: ఈ ఫైలు ఫలానావారి దగ్గరుంది, నువ్వు రాయడానికి లేదు, కావాలంటే చదువుకో. ఆ చదువుకోవడాన్నే రీడ్ ఓన్లీ అంటారు.

రోజూ తొమ్మిదిన్నరకి నేను తెరిచేసరికి ఆ డబ్బాలో సత్యవేణి గారి పేరుండేది. నల్లటి ఇంగ్లీషు అక్షరాలు, అంతే. నాకు మాత్రం ఆవిడొచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నట్టుండేది. బాగానే ఉన్నారు, బస్సు దొరికింది, ఆఫీసుకొచ్చేశారు అనుకునేవాణ్ణి.

ఇక ఫోన్ చేసి ఫైలు మూయించాలి. ఎస్టీడీ కాబట్టి ఊరికే చెయ్యడానికి వీల్లేదు, రిజిస్టర్లో కారణం రాసి చెయ్యాలి. నేను రోజూ రాసేది ఒకటే, "ఫైలు మూయించుటకు". ఆవిడ ఎత్తి, "ఒక్క రెండు నిమిషాలండీ రమణ గారూ, అయిపోవచ్చింది" అనేవారు. ఆ రెండు నిమిషాలూ లైన్లోనే ఉండేవాణ్ణి. ఇవాళ యారాడ కొండ మీద మబ్బుందా అని అడిగేవారు. క్యాంటీన్లో ఉప్మా ఇంకా అలాగే ఏడుస్తోందా, మొన్న చందనోత్సవానికి సింహాచలం వెళ్ళారా, లైన్లో ఎంతసేపు నిలబడ్డారు అని అడిగేవారు. "ఇక్కడా సముద్రం ఉందండీ, కొండే లేదు. చూపు ఎక్కడా ఆనదు" అన్నారొకసారి. ఆవిడ అడుగుతారని, పొద్దున్న బస్సు దిగ్గానే కొండకేసి చూడ్డం అలవాటైపోయింది నాకు. మబ్బు లేని రోజు కాస్త చిన్నబుచ్చుకునేవాణ్ణి కూడా, చెప్పడానికేం లేదే అని.

ఆ ఫోనే లేకపోతే నా రోజు మొదలవదురా. అంత మాట ఇప్పుడు మీతో అంటున్నాను గానీ, అప్పట్లో నాకే తెలీదు.

ఇంతలో అప్పలనాయుడు కొంప ముంచాడు. అప్పలనాయుడంటే నా పక్క బల్ల, ఓడ దగ్గరికెళ్ళి లెక్కలు తెచ్చేవాడు. గాజువాక పక్క వాడు, నన్ను బావా అని తప్ప పిలవడు. ఒకరోజు హడావుడిలో తనే ఫైలు తెరిచి, ఒక ఓడ బొగ్గు లెక్క ఇంకో ఓడ గడిలో కొట్టేశాడు. ఖాళీ అయిపోయి వెళ్ళిపోవాల్సిన ఓడ నిండుగా ఉన్నట్టు బొంబాయి వెళ్ళిపోయింది కాగితం. అట్నించి మూర్తి గారికి అక్షింతలు. ఆయన్నించి మాకు.

మూర్తి గారు అందర్నీ నిలబెట్టి తేల్చేశారు. ఎవరి భాగం వాళ్ళే రాయాలి, మిగతావాళ్ళు చూడాలే తప్ప ముట్టుకోకూడదు, ఒకరి కోసం ఒకరు కాసుక్కూర్చోడం అసలుండకూడదు. నా చేతిలో ఫోన్ రిజిస్టరు పెట్టి, రోజూ ఈ మూయించుట ఏమిటయ్యా అని కూడా అడిగారు. పర్మిషన్లన్నీ నువ్వే సరిచెయ్యి అన్నారు.

నిజానికి అది గంట పని. రెండు ఫోల్డర్లు, రెండు ఫైళ్ళు. విశాఖది నేను రాస్తాను, ఆవిడ చూస్తారు. కాకినాడది ఆవిడ రాస్తారు, నేను చూస్తాను. ఎవరికీ ఎవరూ అడ్డం రారు. ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు.

అందుకే రెండు వారాలు సాగదీశాను. ముందు సర్వర్ని స్టడీ చెయ్యాలన్నాను. తర్వాత యూజర్ల లిస్టు సరిగ్గా లేదన్నాను. ఒకరోజు వోల్టేజీ మీద కూడా నెట్టాను. మూడో వారం మూర్తి గారు, గురువారం పొద్దున్నకల్లా అయిపోవాలి, లేకపోతే బయటి మనిషిని పిలిపిస్తాను అన్నారు.

బుధవారం సాయంత్రం బస్సులో కూర్చుంటే బ్రహ్మాండమైన ఐడియా వచ్చింది. ఫైలు ఒకటే ఉంచుదాం. కానీ నేనూ, సత్యవేణి గారూ తప్ప ఇంకెవరూ తెరవకుండా చేసేద్దాం. అప్పలనాయుడు వేలు పెట్టలేడు కాబట్టి మూర్తి గారి బాధ తీరిపోతుంది. మా ఇద్దరికీ ఫైలు ఒకటే కాబట్టి ఒకరి కోసం ఒకరు ఆగాల్సిందే. ఫోన్ బతుకుతుంది. ఇంత తెలివి నాకెక్కణ్ణించి వచ్చిందా అని నాకే ముచ్చటేసింది.

గురువారం ఎనిమిదిన్నరకే వెళ్ళిపోయాను. చెప్పులు విప్పి సర్వర్ గదిలో కూర్చున్నాను. ఫోల్డర్ పర్మిషన్లు తెరిచి, నా పేరు పెట్టి అన్నిటికీ అలౌ కొట్టాను. సత్యవేణి గారి పేరు పెట్టి అన్నిటికీ అలౌ. రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి, ఇంకెవరూ లేకుండా. కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను, మీ దగ్గర దాచడమెందుకు. తర్వాత మిగతా జనాన్ని ఆపాలి కదా. లిస్టులో ఎవ్రీవన్ అని ఒకటుంటుంది. దానికెదురుగా డినై అని వరసగా టిక్కులు కొట్టేశాను. డినై పెడితే మిగతా పర్మిషన్లన్నిటినీ అదే కొట్టేస్తుంది, ఖాయమేనా అని ఏదో డబ్బా వచ్చింది. అలాంటి డబ్బాలు ఎస్ కొట్టడానికే కదా వస్తాయి. ఎస్ కొట్టాను.

నా లెక్కేంటంటే, ఎవ్రీవన్ అంటే మిగతా అందరూ అని. పెళ్ళింట్లో మేనమామ నిలబడి "అందరూ గదిలోంచి బయటికి నడవండి" అంటే ఆయన నడుస్తాడా? నడవడు కదా. మరి సర్వర్‌కి ఆ మర్యాద తెలీదు. అందరూ అంటే అందర్నీ గెంటింది, చెప్పిన మేనమామతో సహా.

టీ తాగి తొమ్మిదిన్నరకి హుషారుగా వచ్చి ఫైలు తెరిచాను. సత్యవేణి గారి పేరొస్తుందని చూస్తున్నాను. యాక్సెస్ డినైడ్ అని వచ్చింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే. అటునుంచి అప్పలనాయుడు, ఆపైన బిల్లుల అమ్మాయి, లోపల మూర్తి గారు, అందరిదీ అదే పాట.

అప్పుడు నా ఫోన్ మోగింది. ఆవిడ వెళ్ళి ఏడాది దాటింది, ఎప్పుడూ నేనే చేసేవాణ్ణి. మొదటిసారి ఆవిడే చేశారు.

"రమణ గారూ, నన్ను తీసేశారా?" అన్నారు.

కోపంగా అనుంటే బాగుండేది. చాలా మెల్లిగా అన్నారు. అబ్బే, నేనెందుకు తీస్తానండీ, ఎవరూ తెరవలేకపోతున్నారు, నేను కూడా బయటే ఉన్నాను అని గడగడా చెప్పాను. నేను చూసుకుంటానండీ అని పెట్టేశాను. ఆ మాట మాత్రం చెవిలోంచి పోలేదు.

పదైంది. బయట ఓడ లోపలికొస్తోంది, బొంబాయి కాగితానికి ఇంకా గంటే ఉంది. మూర్తి గారొచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. కోర్సులో నాకు పాఠం చెప్పినాయనకి ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నారు. రెండు దారులు చెప్పారు. ఒకటి, ఆ ఫోల్డర్‌కి ఓనర్ ఎవరో చూడు, ఎంత డినై ఉన్నా ఓనర్ పర్మిషన్లు మార్చుకోగలరు. రెండోది, అడ్మినిస్ట్రేటర్‌గా నువ్వే టేక్ ఓనర్‌షిప్ కొట్టు, నిమిషం పని.

ఓనర్ ఎవరో చూశాను. సత్యవేణి. ఆవిడ పాత బల్ల దగ్గర ఎప్పుడో వేరే మనిషి వచ్చి కూర్చున్నారు గానీ, ఆ ఒక్కచోట ఆవిడ పేరు అలాగే ఉంది. నేను కొట్టానంటే అది పోయి నా పేరొస్తుంది. నాకు మనసొప్పలేదు. ఇంకో కక్కుర్తి కూడా ఉందనుకోండి. ఆవిడ చేతే చేయిస్తే, మౌస్ ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కటీ చెప్తూ అరగంట మాట్లాడొచ్చు.

"ఓనర్ సత్యవేణి గారు సార్. ఆవిడే తియ్యాలి" అన్నాను. అబద్ధం కాదు, సగం నిజం.

మూర్తి గారు అందరికీ వినపడేలా స్పీకర్ నొక్కి తనే కాకినాడ కలిపారు. నా అరగంట కల కాస్తా అక్కడే సగమైపోయింది. మిగతా సగం ఆవిడే పూర్తిచేశారు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చెయ్యండి, కింద ప్రాపర్టీస్ అనుంటుంది, అందులో సెక్యూరిటీ అని కనపడుతుంది చూడండీ అని నేను నిదానంగా మొదలుపెట్టాను. ఎవ్రీవన్ దగ్గరికి వచ్చేలోపలే "తీసేశానండి" అన్నారు. నాలుగు నిమిషాలు. అంత చురుకైన మనిషి. అప్పలనాయుడు లెక్క చదివాడు, నేను కొట్టాను, పదిన్నర దాటగానే కాగితం బొంబాయి వెళ్ళిపోయింది.

అక్కడితో ఆగినా బతికిపోయేవాణ్ణి. మూర్తి గారు స్పీకర్ దగ్గర్నించి కదల్లేదు. ఇద్దరూ లైన్లో ఉన్నారు కదా, ఇప్పుడే రెండు ఫోల్డర్లు చేసేయండి, నేను చూస్తాను అన్నారు. ఇంక వోల్టేజీ మీద నెట్టడానికి లేదు. చేశాను. చేస్తూ చేస్తూ నాకు ఊపొచ్చేసింది. పని చేతికొచ్చిందంటే నాకు ఒళ్ళు తెలీదు. విశాఖ వేరు, కాకినాడ వేరు, మూర్తి గారికి రెండూ, అప్పలనాయుడికి చూపు మాత్రమే. డినై జోలికి పోకుండా, ఎక్కడికక్కడ కొలిచినట్టు పెట్టాను. ఇద్దరం ఒకేసారి తెరిచి చూశాం. ఏ డబ్బా రాలేదు.

మూర్తి గారికి ఆనందం ఆగలేదు. "రమణా, టిక్కెట్టు తీయిస్తాను, ఓ రెండు రోజులు కాకినాడ వెళ్ళి అక్కడి మెషీన్లు కూడా ఇలాగే సర్దిపెట్టి రా" అన్నారు.

వినండి. మీరు కళ్ళకద్దుకుని తీసుకునే మాట అది. నాకింకా ఆ ఊపు దిగలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "అక్కర్లేదు సార్. లైనుంది కదా, ఇక్కడ కూర్చునే చేసేస్తాను. అంత దూరం వెళ్ళడం దండగ" అన్నాను.

స్పీకర్ ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

మూర్తి గారు మెచ్చుకుని లోపలికెళ్ళిపోయారు. నేను స్పీకర్ ఆపి రిసీవర్ తీసుకున్నాను. ఇంక మీరు నాకోసం ఫైలు మూయక్కర్లేదండీ, రేపట్నించి ఎంతసేపైనా ఉంచుకోండి అని ఉదారంగా చెప్పాను. అప్పుడు అడిగారావిడ.

"రమణ గారూ, ఇరవై రోజులుగా మాకు ఒక్క ఓడ కూడా లేదు. కింద గళ్ళన్నీ ఖాళీగానే ఉన్నాయి, మీరూ చూస్తున్నారు. మరి రోజూ పొద్దున్నే ఆ ఫైలు నేనెందుకు తెరుస్తున్నాననుకున్నారు?"

నిజమే, ఖాళీగానే ఉన్నాయి. రోజూ చూశాను. నేనేమన్నానో ఇప్పుడు చెప్తాను, టీ గ్లాసులు కింద పెట్టండి.

"రాయడానికేం లేనప్పుడు రీడ్ ఓన్లీలో తెరవాల్సిందండీ. నాకు అడ్డం వచ్చేది కాదు" అన్నాను.

"అవునండీ. నాకు తోచలేదు. ఉంటానండి" అన్నారు. పెట్టేశారు.

పక్క బల్ల మీద అప్పలనాయుడు బిస్కెట్ పొట్లం విప్పుతున్నాడు. "ఏటి బావ, ఏటంతంది ఆయమ్మ?" అన్నాడు. ఏం లేదురా, ఓడలు లేకపోయినా రోజూ ఫైలు తెరిచిందట, రీడ్ ఓన్లీ సంగతి తెలీదు పాపం అన్నాను. వాడు బిస్కెట్ అక్కడే పెట్టేసి నా మొహంకేసి చూశాడు.

"నువ్వేటి మనిసివి బావ? ఆయమ్మ తెరిసింది ఓడల కోసమనుకున్నావా? అది తెరిసి ఎట్టుకుంతే నువ్వు పోన్ సేత్తావని తెరిసింది. ఏడాది బట్టి నాను సూత్తన్నాను, మీ ఇద్దరికీ ఆ పైలే దిక్కు. నీ పర్మిసన్లు తగలెయ్య, ఉన్నదాన్ని నువ్వే తాళమేసీసినావు."

ఒక్కసారిగా అన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. నాకంటే ముందే ఎందుకు తెరిచేవారో. రెండు నిమిషాలని ఎందుకు ఆపేవారో. కొండ మీద మబ్బు సంగతి ఎవరికి కావాలో. నేను ఆ గొంతు కోసం పడిగాపులు పడుతున్నాననుకున్నాను గానీ, అవతల ఇంకో మనిషి కూడా అదే పని చేస్తోందని నాకు తట్టనే లేదు. అంత సంతోషం, అంత ఏడుపు ఒకేసారి రావడం నేనెప్పుడూ ఎరగను.

లేచి, మూర్తి గారి గదికి పరిగెత్తాను. దార్లోనే ఓ అబద్ధం కూడా తయారుచేసుకున్నాను. సార్, ఇందాక తొందరపడ్డాను, కాకినాడ మెషీన్లు దగ్గరుండి చూస్తేనే మంచిది, ఇవాళ సాయంత్రం బండికే వెళ్తాను అన్నాను.

మూర్తి గారు అప్పుడే రిసీవర్ పెడుతున్నారు. మొహం వెలిగిపోతోంది.

"ఎందుకయ్యా? ఇప్పుడే సత్యవేణి చేసింది. అక్కడ అంతా బ్రహ్మాండంగా ఉందట. రమణ గారు అక్కణ్ణించే చేసేస్తారు, ఇక్కడికి ఎవరూ రానక్కర్లేదు సార్ అని మరీ మరీ చెప్పింది."

నేను గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. ఆయన లేచొచ్చి నా భుజం తట్టారు.

"ఇంత గట్టిగా చేస్తావని నేననుకోలేదోయ్" అన్నారు.

నేనూ అనుకోలేదు సార్ అన్నాను.